గజ్జెల చప్పుడు మాత్రం విన్న మామ్మ

కిందటి నెల ఓ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంట్లో ఓ ఆట మొదలైంది. మొదలుపెట్టింది మా అబ్బాయి. "కాలంలో వెనక్కెళ్ళే బండి దొరికి, ఒకే ఒక్క కచేరీ చూసి రావచ్చంటే ఎవరు ఎక్కడికి వెళ్తారు?" అన్నాడు.

వాడి జవాబు వాడి దగ్గర సిద్ధంగానే ఉంది. 1985 జులై 13, లండన్ వెంబ్లీ స్టేడియం, క్వీన్ బ్యాండు. ఇరవై నిమిషాలు పాడారట, అంతే. ఆ పాడినాయన చిన్నప్పుడు మన పంచగనిలో బడికెళ్ళి చదువుకున్నాడని కూడా చెప్పాడు. అది నాకు తెలీదు. మావారు చాలాసేపు ఆలోచించి, 1966లో ఐక్యరాజ్యసమితిలో ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పాడిన రోజు అన్నారు. కోడలు మాత్రం పదినెలల మనవడికి ఉగ్గు పెడుతూ నవ్వి ఊరుకుంది.

నన్నడిగితే, "బొబ్బిలి దగ్గర మా పల్లెలో ఓ శ్రీరామనవమి పందిరి" అన్నాను. అందరూ నవ్వారు. వెంబ్లీ ఎక్కడ, మా పల్లె ఎక్కడ! కానీ నేను హాస్యానికి అనలేదు.

అది మా మామ్మ కథ. 1935 ప్రాంతం. మామ్మకి పదిహేనేళ్ళు, కాపురానికొచ్చి ఏడాది కాలేదు. ఆ నవమికి ఊళ్ళో ఆదిభట్ల నారాయణదాసు గారి హరికథ పెట్టారు. మన వైపు వాళ్ళకి ఆయన గురించి చెప్పక్కర్లేదు గానీ, వేరే జిల్లాల వాళ్ళు కూడా ఈ బ్లాగు చదువుతున్నారు కాబట్టి కాస్త చెప్తాను. 1864లో అజ్జాడలో పుట్టారు. హరికథకి పితామహుడు అంటారు ఆయన్ని. మహారాజావారు 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాలు ఆయనే. రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, ఈ అయిదింటితో అయిదు తాళాలు ఒకేసారి నడిపేవారు. మీరొకసారి కుడిచేత్తో ఒక తాళం, ఎడంచేత్తో ఇంకో తాళం వేసి చూడండి, సంగతి తెలుస్తుంది. నేను ప్రయత్నించి పాలు పొంగించుకున్నాను.

అంతటి మనిషి, డెబ్బై దాటిన వయసులో, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని మా ఊళ్ళో నిలబడ్డారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి చుట్టాలు బళ్ళు కట్టుకుని దిగారు. మా ఇంటికే నలభై మంది. కథ రాత్రి, మరి ముందు వీళ్ళకి వంట, కథ మధ్యలో వచ్చేవాళ్ళకి వంట, తెల్లారి లేచేవాళ్ళకి వంట. కొత్త కోడలు ఎక్కడుంటుంది? దొడ్లో పొయ్యి దగ్గర. గుమ్మడికాయ దప్పళం గుండిగ ముందు.

మామ్మ ఈ సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ప్రతిసారీ ఒకే మాటతో ముగించేది: "గజ్జెల సప్పుడు ఇన్నానే గుంటా, మనిసిని సూళ్ళేదు." గాలి ఇటు తిరిగినప్పుడు గజ్జెలు, అటు తిరిగితే ఏమీ లేదు. జనం గొల్లుమని నవ్వితే ఎందుకు నవ్వారో తెలీదు. అంతా ఒక్కసారి గోవిందా అంటే తనూ పొయ్యి దగ్గర నుంచే గోవిందా అందట. తెల్లారి మగవాళ్ళు అరుగు మీద కూర్చుని కథంతా మళ్ళీ చెప్పుకుంటుంటే, విస్తళ్ళు ఎత్తుతూ ముక్కలు ముక్కలుగా ఏరుకుంది. "పోన్లే, మళ్ళీ వస్తారు కదా" అని అత్తగారు అన్నారట. మళ్ళీ రాలేదు. 1945 జనవరిలో దాసుగారు పోయారు. మామ్మ 2003 దాకా బతికింది. దాదాపు డెబ్బై ఏళ్ళు ఆ ఒక్క రాత్రి ఆవిడకి జీర్ణం కాలేదు.

ఇప్పుడు నా అభిప్రాయం చెప్తాను, కోపం రావచ్చు కొందరికి. చూసితీరాల్సిన గొప్ప కచేరీలు అని పెద్దలు చెప్పుకునే జాబితాలన్నీ సాయంత్రం పూట ఇంట్లోంచి బయటికి వెళ్ళగలిగినవాళ్ళు రాసుకున్నవి. నేను పుట్టకముందే అయిపోయింది, లండన్‌లో జరిగింది, అని మావాడు బాధపడతాడు. మన ఇళ్ళలో ఆడవాళ్ళు అదే ఊళ్ళో, అదే రాత్రి, రెండు వీధుల అవతల ఉండి కూడా చూడలేదు. ఈ రెండూ ఒకటి కావు. మొదటిదానికి ఎవరూ ఏమీ చెయ్యలేరు. రెండోది మనమే చేశాం, ఇంకా చేస్తున్నాం.

విజయనగరం సంగతే చూడండి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ కళాశాలలో చదువుకుందామని వస్తే, ఆయన ఫిడేలు విన్న దాసుగారు విద్యార్థిగా కాదు, పాఠం చెప్పడానికే తీసుకున్నారంటారు. అప్పటికి ఆయనకి ఇరవయ్యారేళ్ళు. చూపు సరిగ్గా ఆనేది కాదు. పాటకి పక్కవాద్యంగా ఉండే ఫిడేలుని ఒంటరిగా కచేరీ చేయించిన మనిషి. 1952లో మద్రాసులో జస్టిస్ రాజమన్నార్ గారింట్లో యెహూదీ మెనూహిన్ ఆయన వాయించగా విన్నారు. మెనూహిన్ అంటే ప్రపంచంలోనే పేరున్న వయొలిన్ విద్వాంసుడు. ఆ గదిలో ఓ మూల నిలబడనిస్తే చాలునని నాకూ ఉంది. ఆయన గ్రామఫోను రికార్డులు ఇప్పుడు ఫోన్లో దొరుకుతున్నాయి. పప్పు ఉడుకుతుండగా పెట్టుకుంటాను. కుక్కరు కూత ఆయన కమాను మీద పడుతుంది, ఏం చెయ్యను!

ఇక ఘంటసాల. కుర్రతనంలో సంగీతం కోసం విజయనగరం వచ్చి, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకుంటూ, జోలె కట్టుకుని వీధుల్లో మధూకరం అడిగి తిన్నాడన్నది అందరికీ తెలిసిన కథే. ఈ కథ చెప్పేవాళ్ళంతా ఆయన పట్టుదల గురించి చెప్తారు, గురువు గొప్పతనం గురించి చెప్తారు. సబబే. నాకు మాత్రం ఆ జోలెలో అన్నం వేసిన ఆడవాళ్ళు గుర్తొస్తారు. ఇన్ని మెతుకులు, ఇంత పులుసు. వాళ్ళలో ఎంతమంది తర్వాత ఆయన కచేరీకి వెళ్ళి ముందు వరసలో కూర్చుని ఉంటారు? సుశీల గారు పుట్టింది ఈ ఊళ్ళోనే, చదివింది ఆ కళాశాలలోనే. ఆవిడ పాట మా అమ్మకి ప్రాణం. కానీ అమ్మ విన్నదంతా రేడియోలోనే, రుబ్బురోలు దగ్గర. విశాఖపట్నం ఆకాశవాణి వచ్చాక సంగీతం వంటింట్లోకి వచ్చింది, నిజమే. అందుకే అమ్మ అనేది, "మరింకా బయటికెళ్ళి వినడం దేనికి?" అని.

దేనికంటే, చెప్తాను. పన్నెండేళ్ళ కిందట మా ఊళ్ళో ఓ పెద్దాయన ఫిడేలు కచేరీ ఉందని పక్కింటి వదిన రమ్మంది. ఆయన పేరు బయట పెద్దగా తెలీదు గానీ, విన్నవాళ్ళు చెప్తే చెవులు కోసుకునేవారు. టిక్కెట్టు లేదు, గంటస్తంభం దాటితే హాలు. చీర కట్టుకుని, జడ వేసుకుని, చెప్పులేసుకుంటుండగా గేటు చప్పుడైంది. మావారి వైపు చుట్టాలు, నలుగురు. వదిన గుమ్మంలో నిలబడి అయిదు నిమిషాలు చూసి, "పోన్లే, మళ్ళీసారి" అని వెళ్ళిపోయింది. నేను ఉల్లిపాయలు తరిగాను. నిజం చెప్పాలంటే ఆ రోజు ఎవరూ నన్ను ఆపలేదు. "నేను వెళ్తున్నాను, ఫ్లాస్కులో టీ ఉంది" అని ఒక్కమాట అంటే అయిపోయేది. అనడం నాకు చేతకాలేదు. పెద్దాయన మరుసటి ఏడు పోయారు. వదిన ఇప్పటికీ ఆ రోజు ఆయన వాయించిన కల్యాణి గురించి చెప్తూ మధ్యలో ఆగిపోతుంది. అంటే నాదీ మామ్మ కథే. ఆవిడకి గజ్జెలన్నా వినబడ్డాయి.

ఇందులో సభలు పెట్టేవాళ్ళకీ వాటా ఉంది. సాయంత్రం ఆరున్నరకి మొదలంటారు, ఉపన్యాసాలయ్యి పాట మొదలయ్యేసరికి ఎనిమిది. అది సరిగ్గా పొయ్యి వెలిగే వేళ. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి పెట్టి చూడండి, ఎంతమంది ఆడవాళ్ళు వస్తారో! హాల్లో ఆడవాళ్ళకి సరైన బాత్రూము ఉండదు. తొమ్మిదిన్నరకి అయ్యాక పల్లెలకి బస్సుండదు. శాలువాలకి పెట్టే డబ్బులో సగంతో రెండు ఆటోలు మాట్లాడొచ్చు. మామూలు విషయాలే. మావారు మాత్రం "ఇష్టం ఉంటే ఎలాగైనా వస్తారు" అన్నారు. ఆయన ఇష్టంగా వెళ్ళినప్పుడల్లా చొక్కా ఇస్త్రీ చేసింది ఎవరో అడిగాను.

ఆ ఆదివారం సంగతికొస్తే, అబ్బాయి ఆట ఊరికే మొదలుపెట్టలేదు. వచ్చే శనివారం విశాఖపట్నంలో ఓ సినిమా సంగీత దర్శకుడి లైవ్ షో ఉంది, స్నేహితులతో వెళ్తున్నాడు. టిక్కెట్టు కొనేశాడు. రాత్రి గిన్నెలు సర్దుతుంటే కోడలు ఆయన పాటే కూనిరాగం తీస్తోంది. "నువ్వెళ్ళవేంటమ్మా?" అన్నాను. "బాబున్నాడు కదండీ అత్తయ్యా. పోన్లెండి, యూట్యూబులో వచ్చేస్తుంది" అంది.

పోన్లెండి. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు.

నేనేదో గొప్ప అత్తగారినని చెప్పడం లేదు. ముందు నా మనసులోనూ "పాలు తాగే పిల్లాణ్ణి వదిలి అర్ధరాత్రి దాకానా" అన్న మాట మెదిలింది. దాన్ని మింగేసి, అబ్బాయిని పిలిచి, ఇంకో టిక్కెట్టు దొరుకుతుందా అని అడిగాను. అయిపోయాయన్నాడు. "అయితే నీది దానికివ్వు. అది చూశాక నీకు చెప్తుంది" అన్నాను. వాడి మొహం చూడాలి! రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వాడే స్నేహితురాళ్ళ కారులో చోటు మాట్లాడి పెట్టాడు.

శనివారం రాత్రి పిల్లాడు ఊరుకోలేదు, అబద్ధమెందుకు. తొమ్మిదింటికి మొదలెట్టి పదకొండు దాకా ఏడ్చాడు. తండ్రి భుజాన వేసుకుని డాబా మీద తిరిగాడు, నేను పాలు కలిపాను, మావారు తాళాలగుత్తి ఆడించారు. మధ్యలో కోడలు వీడియోకాల్ చేస్తే చీకటి, రంగురంగుల లైట్లు, హోరు. ఏమీ వినబడలేదు. పిల్లాడి ఏడుపు దానికి వినబడకుండా నేనే ఫోను కట్ చేశాను.

ఒంటిగంటకి వచ్చింది. గొంతు పూర్తిగా పోయింది. వంటింటి గట్టు మీద కూర్చుని చల్లారిపోయిన పులిహోర గిన్నెలోంచే తింటూ, మొదటి పాట నుంచి చెప్పడం మొదలెట్టింది. మాట రానిచోట చేత్తో చూపించింది. అబ్బాయి గుమ్మంలో నిలబడి విన్నాడు. రెండున్నర అయింది పడుకునేసరికి.