కల్పిత లోకానికి చిట్టా, ఆవర్జా

విజయవాడ నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. వారి అబ్బాయికి డల్లాస్‌లో ఉద్యోగం. ప్రతి శనివారం రాత్రీ నలుగురు స్నేహితులను పోగుచేసుకుని ఏదో పాచికల ఆట ఆడతాడట. ఆడితే ఆడాడు, ఆదివారం పొద్దున్నే లేచి కంప్యూటరు ముందు కూర్చుని ఆ ఆటకు పద్దులు వ్రాస్తాడట! “లేని రాజ్యం, లేని రాజు, లేని సత్రవులు. వీటికి లెక్కలేమిటండీ? ఇంటి ఖర్చు వ్రాయరా అంటే నెల తిరిగినా వ్రాయడు. ఇది అలవాటా, జబ్బా?” అని ఆవిడ బాధ.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు కాస్త ఉన్నదనే అనుకుంటాను. క్రిందటేడు మిన్నెసోటా రాష్ట్రంలో మా మేనల్లుడి ఇంట నాలుగు నెలలున్నాను. వాడిదీ ఇదే వరస. శనివారాలు వాళ్ళ బల్లకు కాస్త ఎడంగా కుర్చీ వేసుకుని కూర్చుని, వినగా వినగా నాకు కొంత బోధపడింది.

ముందు ఆట సంగతి. బల్ల చుట్టూ అయిదారుగురు కూర్చుంటారు. ఒకరు సూత్రధారి. గేమ్ మాస్టర్ అంటారు వాళ్ళు. తక్కినవాళ్ళు తలకొక పాత్ర ధరిస్తారు. ఒకరు కత్తి పట్టిన వీరుడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు దొంగ. “మీరు ఊరి పొలిమేర చేరారు. చీకటి పడుతోంది. సత్రం తలుపు మూసి ఉంది. ఏం చేస్తారు?” అని సూత్రధారి అడుగుతాడు. ఎవరి పాత్ర ఏం చేస్తుందో వాళ్ళు చెబుతారు. తలుపు విరిగిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఒకరు గెలవడం, ఒకరు ఓడడం అంటూ లేదు. ఒక రాత్రితో కథ ముగియదు. వచ్చే వారం ఆపినచోటనుంచే మళ్ళీ మొదలు. ఇలా నెలలు, ఏళ్ళు నడిచే కథను కాంపెయిన్ అంటారు. మన వారపత్రికలో సీరియల్ లాంటిదే ననుకోండి. తేడా ఏమంటే, వచ్చేవారం ఏం జరుగుతుందో ఇందులో సూత్రధారికి కూడా తెలియదు.

ఈ ఆటకు పుట్టిల్లు అమెరికాయే. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి తయారుచేసిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో వెలువడింది. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, అంతే సరంజామా. అంతకుముందే ఆర్నెసన్ మిన్నెసోటాలో తన స్నేహితులచేత బ్లాక్‌మూర్ అనే కల్పిత దేశంలో ఇటువంటి ఆట ఆడిస్తూ ఉండేవాడు. సూత్రధారుల కోసం 1979లో వచ్చిన పుస్తకంలో గైగాక్స్, కథలో ఎన్ని రోజులు గడిచాయో ఖచ్చితంగా వ్రాసి పెట్టుకోనివాడి ఆట ఆటే కాదన్నంత గట్టిగా, పెద్ద అక్షరాలలో హెచ్చరించాడు. కనుక, సోదరీ, పద్దులు మీ అబ్బాయి కనిపెట్టిన పిచ్చి కాదు. ఆటకు మొదటినుంచీ ఉన్న అవసరమే.

ఎందుకో లెక్కవేసి చూడండి. వారానికి నాలుగు గంటలు, ఏడాదికి నలభై వారాలు. నూట అరవై గంటల మాటలు! అందులో ఎందరు మనుషులు వచ్చి పోతారు? ఎన్ని ఊళ్ళు? ఎవరికి ఏం మాట ఇచ్చారు? ఎవరి ఉంగరం ఎవరి దగ్గర ఉండిపోయింది? ఆటగాళ్ళు మరచిపోయినా ఫరవాలేదు. సూత్రధారి మరచిపోతే ఆ లోకమే అబద్ధమైపోతుంది. పోయిన నెల కుంటివాడుగా కనిపించిన పడవవాడు ఈ నెల పరుగెత్తుకుంటూ వస్తే ఇక ఆ కథను ఎవరు నమ్ముతారు?

మా నాన్నగారికి తెనాలిలో కిరాణా కొట్టు ఉండేది. ఆయన దగ్గర రెండు పుస్తకాలు. ఒకటి చిట్టా. ఆ రోజు ఏది జరిగితే అది, జరిగిన వరసలో అందులో వ్రాసేవారు. రెండోది ఆవర్జా. అందులో మనిషికొక పేజీ. రాత్రి కొట్టు కట్టేశాక దీపం దగ్గర కూర్చుని చిట్టాలోని పద్దులను ఎవరి పేజీలోకి వారివి ఎక్కించేవారు. చిట్టా చూస్తే ఏ రోజు ఏం జరిగిందో తెలుస్తుంది. ఆవర్జా చూస్తే ఏ మనిషితో మన సంగతి ఏమిటో తెలుస్తుంది. ఒకటి ఉండి రెండోది లేకపోతే వ్యాపారం సాగదు.

మా మేనల్లుడు కంప్యూటర్లో చేసేది సరిగ్గా ఇదే. వాడు వాడేది ఆబ్సిడియన్ అనే సాఫ్ట్‌వేర్. 2020లో వచ్చింది. సొంత వాడకానికి డబ్బక్కరలేదు. శనివారం ఆటకు ఆ తేదీతో ఒక పేజీ తెరుస్తాడు. అది చిట్టా. అందులో “దీపస్తంభం కాపరి కూతురికి మందు తెస్తామని మాట ఇచ్చారు” అని వ్రాస్తాడు. ‘దీపస్తంభం కాపరి’ అన్న మాటలకు అటూ ఇటూ రెండేసి చదరపు బ్రాకెట్లు పెడతాడు. అంతే, ఆ పేరు ఆ కాపరి పేజీకి లింకు అయిపోతుంది. ఇంకా ఆ పేజీ లేకపోతే పేరుమీద నొక్కగానే పుడుతుంది. తరువాత ఎప్పుడు కాపరి పేజీ తెరిచినా, ఏయే తేదీల పేజీల్లో అతని ప్రస్తావన వచ్చిందో మొత్తం జాబితా కనిపిస్తుంది. దీన్ని బ్యాక్‌లింకు అంటారు. అంటే వీడు చిట్టా వ్రాస్తే చాలు, ఆవర్జా దానంతటదే ఎక్కుతోందన్నమాట! మా నాన్నగారు చూసి ఉంటే రోజూ రెండు గంటల కిరసనాయిలు మిగిలేది గదా అనిపించింది.

ఈ పని చేసే సాఫ్ట్‌వేర్లు ఇంకా ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ వారి వన్‌నోట్ 2003 నుంచీ ఉంది. నోటుబుక్కు, దానిలో విభాగాలు, వాటిలో పేజీలు. బైండు పుస్తకానికి అలవాటుపడిన చేతికి అది హాయిగా ఉంటుంది. నోషన్ అనేది పట్టికలు వేసుకునేవారికి బాగుంటుంది. ఏది మంచిదని నన్నడిగితే, ఆదివారం పొద్దున్న పదిహేను నిమిషాలలో పని ముగించేది ఏదైనా మంచిదే నంటాను. ఆబ్సిడియన్‌లో పేజీలన్నిటినీ చుక్కలుగా, లింకులను గీతలుగా చూపించే బొమ్మ ఒకటి ఉంది. అచ్చం సంక్రాంతి ముగ్గులా ఉంటుంది. చూడడానికి ముచ్చటే కాని, ముగ్గు చూస్తూ కూర్చుంటే వంట కాదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. వ్రాయడం సుళువైన కొద్దీ అనవసరమైనది పెరుగుతుంది. మా వాడు మొదటి నెలలోనే రాజుగారి ఏడు తరాల వంశచరిత్ర, నాణేల తూకాలు, పండుగల పట్టిక, అన్నీ కలిపి నలభై పేజీలు వ్రాశాడట. రెండో శనివారం ఆటగాళ్ళు రాజధానికి పోనే పోలేదు. రేవులో పడవ కనిపిస్తే ఎక్కి దక్షిణంగా వెళ్ళిపోయారు! “నలభై పేజీలూ అలాగే ఉన్నాయత్తయ్యా, ఇప్పటికీ ఎవరూ ఆ రాజు పేరు అడగలేదు” అని వాడే నవ్వుతూ చెప్పాడు.

అనుభవజ్ఞులు చెప్పేదీ అదే. మైక్ షియా 2018లో బద్ధకస్తుడైన సూత్రధారి కోసమని ఒక పుస్తకం వ్రాశాడు. ప్రతి ఆటకు ముందు ఒక పది రహస్యాలు వ్రాసుకో, కాని ఏ రహస్యం ఎక్కడ, ఎవరి నోట బయటపడాలో ముందే నిర్ణయించకు అంటాడు. ఆటగాళ్ళు ఎటు పోతే అటే వాటిని అందించవచ్చు. జస్టిన్ అలెగ్జాండర్ అనే ఆయన, వాళ్ళు గ్రహించి తీరవలసిన సంగతికి కనీసం మూడు ఆధారాలైనా ఉంచమన్నాడు. మొదటిది చూడరు, రెండోది చూసీ పొరబడతారు, మూడోదైనా పట్టుకుంటారని. కథను ముందే వ్రాసేయకు, పరిస్థితిని మాత్రం సిద్ధం చెయ్యి అన్నదీ ఆయన సలహాయే. అంటే పుస్తకంలో ఉండవలసింది రేపు జరగబోయేది కాదు. నిన్న జరిగినదీ, ఇంకా తేలనిదీ.

మా వాడు ఇప్పుడు నలభై పేజీల జోలికి పోడు. మనిషికి నాలుగు పంక్తులు: పేరు, ఎలా మాట్లాడతాడు, ఏం కావాలి, ఎవరితో ఏం లావాదేవీ. తేదీ పేజీకి పది పంక్తులు. వీటికి పైన ‘బాకీలు’ అని ఒక పేజీ. ఆ పేరు నేను పెట్టించాను. ఇచ్చి తీర్చని మాటలు, అడిగి జవాబు దొరకని ప్రశ్నలు, దాటవేసిన శత్రువులు, అన్నీ అందులో. శనివారం ఆటకు ముందు వాడు చదివేది ఆ ఒక్క పేజీనే.

ఆ పద్దుల విలువ నేను ఒక సందర్భంలో చూశాను. వాళ్ళ గుంపులో ఒక అబ్బాయికి ఇక్కడ తండ్రి పోయారు. హుటాహుటిని ఇండియా వచ్చేశాడు. రెండు నెలల పైన ఆటకు లేడు. కాపరి కూతురికి మందు తెస్తానని మాట ఇచ్చింది అతని పాత్రే. ఆ పాత్రను చంపేయకుండా, మరొకరికి ఇచ్చేయకుండా, దీపస్తంభం దగ్గర కాపలా ఉంచారు. ప్రతి శనివారం చిట్టాలో అతని పేరున ఒక పంక్తి: ఈ వారం తుఫాను, దీపం ఆరకుండా చూశాడు. ఈ వారం కాపరి కూతురు లేచి కూర్చుంది, నువ్వెప్పుడు వెళతావని అడిగింది. తక్కినవాళ్ళు తలా ఒక నిమిషం ఆలోచించి చెప్పిన పంక్తులవి. అతను తిరిగి వచ్చిన రోజున మా వాడు కాపరి పేజీ తెరిచి, లాప్‌టాప్ అతనివైపు తిప్పాడు. తొమ్మిది తేదీలు, తొమ్మిది పంక్తులు. ఆ అబ్బాయి చాలాసేపు చదువుకున్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు. తరువాత పాచిక చేతిలోకి తీసుకుని, “సరే, మందు కోసం బయలుదేరుతున్నాను” అన్నాడు.

‘బాకీలు’ పేజీలో అన్నిటికంటె పైన మరొక పంక్తి ఉంది. కొన్నాళ్ళపాటు కథలో ఎవరి తండ్రీ చనిపోకూడదని. ఏ విషయాలు బల్ల దగ్గరికి రాకూడదో ముందే అనుకుని వ్రాసిపెట్టుకోవడం ఇప్పుడు చాలా గుంపులలో ఆచారమట. మంచి ఆచారం. అయితే అటువంటి పంక్తిని అందరూ చూసే పేజీలో పెట్టకండి. సూత్రధారి సొంత పేజీలో ఉండాలి.

ఇక ఒక జాగ్రత్త. ఏళ్ళ తరబడి వ్రాసుకున్నది ఎవరి ఇనప్పెట్టెలో ఉందో చూసుకోండి. గూగుల్ ప్లస్ అనే వేదికలో ఈ ఆటవాళ్ళ గుంపులు ఎన్నో ఉండేవి. 2019 ఏప్రిల్‌లో దాన్ని మూసివేశారు. ముందుగా దింపుకున్నవారికి మిగిలింది, లేనివారికి పోయింది. ఆబ్సిడియన్ పేజీలు మన కంప్యూటర్లోనే మామూలు అక్షరాల ఫైళ్ళుగా ఉంటాయి. రేపు ఆ సాఫ్ట్‌వేరే లేకపోయినా వేరేదానిలో తెరుచుకుంటాయి. కాని కంప్యూటరు పాడైతే అవీ పోతాయి. కనుక ఇంకొక చోట నకలు ఉంచాలి. ఆన్‌లైన్‌లో ఉండే సాఫ్ట్‌వేరైతే మూడు నెలలకొకసారి మొత్తం దింపుకోవాలి.

సోదరి ప్రశ్నకు నా జవాబు ఇది. మీ అబ్బాయి వారమంతా పద్దులు వ్రాస్తూ శనివారం ఆటకు తీరిక లేదంటే అప్పుడు కంగారు పడండి. ఆదివారం పొద్దున్న ఒక గంట కూర్చుని, నలుగురు స్నేహితులు నిన్న ఏమన్నారో, ఎవరికి ఏం బాకీ ఉందో వ్రాసుకుంటున్నాడంటే మాత్రం, మనుషుల మాట చెవిన పెట్టడం నేర్చుకుంటున్నాడని సంతోషించండి. ఇంటి ఖర్చు సంగతంటారా, ఆ సాఫ్ట్‌వేర్‌లోనే దానికీ ఒక చిట్టా తెరవమనండి. పాలవాడి పేరుకు రెండేసి బ్రాకెట్లు పెడితే చాలు.