భవనాలు సరే, నిర్వహణకు నిధులేవీ?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు వైద్యవిద్య ఆలస్యంగా అందింది. విశాఖపట్నంలో ఆంధ్ర వైద్య కళాశాల 1923లోనే ఏర్పడగా, శ్రీకాకుళానికి రిమ్స్ 2008లోను, విజయనగరానికి 150 సీట్ల ప్రభుత్వ వైద్య కళాశాల 2023లోను లభించాయి. కిడ్నీ వ్యాధితో కుములుతున్న ఉద్దానం కోసం పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఇవన్నీ హర్షించదగినవే.

అయితే భవనానికి ఖర్చు ఒక్కసారే. జీతాలు, మందులు, యంత్రాల మరమ్మతులకు ఏటేటా డబ్బు కావాలి. శంకుస్థాపనకు శిలాఫలకం ఉంటుంది. ఖాళీ పోస్టు భర్తీకి ఉండదు. బోధనాసుపత్రిలో ఒక ఆచార్యుని పోస్టు ఖాళీ అయితే విద్యార్థికి పాఠం, రోగికి చికిత్స రెండూ కుంటుపడతాయి. డయాలసిస్ రోగికి వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రి తప్పదు. పలాసలో నిపుణుడు లేనినాడు అతనికి గతి 150 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రే. ఆనాటి కూలి పోతుంది, దారి ఖర్చులు మీదపడతాయి.

ఉద్దానం వ్యాధికి మూలకారణం ఇంకా తేలలేదు. ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన అంబేద్కర్ విశ్వవిద్యాలయం, శ్రీకాకుళం వైద్య కళాశాల, పలాస కేంద్రం కలిసి నీటిని, నేలను, రోగుల రక్తాన్ని ఏళ్లతరబడి పరీక్షించవలసి ఉంది. అందుకు స్థిరమైన నిధి కావాలి.

కనుక ఈ సంస్థల సిబ్బందికి, నిర్వహణకు, పరిశోధనకు రాష్ట్ర బడ్జెట్‌లో ప్రత్యేక పద్దు చూపాలి. కేటాయించినదెంత, విడుదలైనదెంత అన్నది ఏటా ప్రకటించాలి. ఉభయ జిల్లాల శాసనసభ్యులు పార్టీలకతీతంగా సభలో అడగవలసిన ప్రశ్న ఇదే.