మోడల్‌కి రంజాన్ ఎప్పుడో ఎవరు చెప్పాలి?

కోడ్‌లో తేదీలతో ఒక్కసారి కుస్తీ పట్టినవాడు జన్మలో క్యాలెండరుని నమ్మడు. ఆర్థిక గణాంకాలు చదివేటప్పుడు మాత్రం మనం ఆ పాఠం మర్చిపోతాం.

టర్కీనే తీసుకోండి. అక్కడ బక్రీద్‌కి నాలుగున్నర రోజులు సెలవు. 2022లో ఆ పండగ జులై 9న మొదలైంది, 2023లో జూన్ 28నే వచ్చేసింది. ఇప్పుడు 2023 జులై ఫ్యాక్టరీ ఉత్పత్తిని 2022 జులైతో పోల్చారనుకోండి. రోజుకి ఒక్క బోల్టు ఎక్కువ బిగించకపోయినా పండగ పుణ్యమా అని కొంత 'వృద్ధి' కనిపిస్తుంది. జూన్‌లో అదే 'పతనం'!

హిజ్రీ సంవత్సరానికి 354 లేదా 355 రోజులే. అందుకని పండగలు ఏటా దాదాపు 11 రోజులు ముందే వచ్చేస్తాయి. మనవీ చాంద్రమాన నెలలే, కానీ మధ్యమధ్యలో అధికమాసం వేసి సర్దుకుంటాం కాబట్టి దీపావళి అక్టోబరు, నవంబరు దాటి పోదు. హిజ్రీలో ఆ సర్దుబాటు లేదు. రంజాన్ అన్ని ఋతువులూ చుట్టి రావడానికి సుమారు 33 ఏళ్ళు పడుతుంది. 2000లో ఈదుల్ ఫితర్ జనవరిలో ఒకసారి, డిసెంబరులో ఇంకోసారి వచ్చింది.

పండగ రోజులొక్కటే కాదు. యూఏఈలో రంజాన్ నెలంతా ప్రైవేటు ఉద్యోగులకి రోజుకి రెండు గంటల పని తగ్గిస్తారు.

"డేటా బోలెడుంది, మోడలే నేర్చుకుంటుందిలే" అంటారు మనవాళ్ళు. నేనొప్పుకోను. పదేళ్ళ డేటాలో రంజాన్ కదిలేది సుమారు 110 రోజులే. ఆ పదేళ్ళూ అది ఎండాకాలం చుట్టుపక్కలే తిరిగితే, అమ్మకాలు పడిపోయింది ఎండల వల్లో ఉపవాసాల వల్లో మోడల్‌కేం తెలుస్తుంది? అమెరికా సెన్సస్ బ్యూరో తయారుచేసిన ఎక్స్-13 అరిమా-సీట్స్‌లో ఈస్టర్, థాంక్స్‌గివింగ్ ముందే ఉన్నాయి. రంజాన్ కావాలంటే మనమే వేరియబుల్ కట్టి ఇవ్వాలి. ఎవరి పండగ డీఫాల్టో చూశారా :)

టర్కీ గణాంక సంస్థ క్యాలెండరు సవరణ చేసిన అంకెలు విడిగా ఇస్తుంది. అవి వదిలేసి ముడి అంకెలు పట్టుకోవడం బద్ధకమే. ఆ అంకెలు చూసి వడ్డీ రేట్లు నిర్ణయించేవాళ్ళుంటారు, సరుకు ఆర్డర్లు పెట్టేవాళ్ళుంటారు, ఉద్యోగాలు తీసేసేవాళ్ళూ ఉంటారు.

నేను చెప్పొచ్చేదేంటంటే, ఇలాంటి దేశాల డేటా మీ చేతికొస్తే 'ఈ నెలలో రంజాన్ రోజులెన్ని, సెలవులెన్ని' అని రెండు కాలమ్‌లు కలపండి. అదీ కుదరకపోతే జూన్, జులై కలిపి పోల్చండి. క్యాలెండరు తెలియకపోవడం మోడల్ తప్పు కాదు, మనది.