ఒకే ఫైలు, మూడు సంతకాలు

నాందేడ్-44 అనే పత్తి పేరు ఈ తరం కుర్రాళ్లకు పెద్దగా తెలియదు. మహారాష్ట్రలోని కర్ఖేలి, ధర్మాబాద్, ఉమ్రి చుట్టుపక్కల నల్లరేగళ్లలో అరవై దాటినవాళ్లను అడిగితే చెబుతారు. పురుగు కొట్టినా, వాన ముఖం చాటేసినా, మళ్లీ ఒక జల్లు పడితే చిగురు తొడిగి రెండో కాపు ఇచ్చే రకమది. 1980ల్లో నాందేడ్ పత్తి పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది. ఆ కేంద్రం పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయానిది. పొలం, జీతాలు, గోదాము అన్నీ ప్రజల సొమ్ముతోనే. కర్ఖేలిలో రైలెక్కితే ఉమ్రి, ముద్‌ఖేడ్, ఆ పైన నాందేడ్. విత్తనం చేసిన చోటికీ వేసిన చోటికీ మధ్య దూరం అంతే. 1956 దాకా ఇదంతా హైదరాబాద్ రాష్ట్రమే కాబట్టి ఇక్కడ ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ. పత్తి బాధలకు మాత్రం ఏ భాషయినా ఒకటే.

2002లో కాయతొలుచు పురుగును చంపే మోన్సాంటో వాళ్ల బీటీ జన్యువు మహికో చేతుల మీదుగా మన దేశానికి చట్టబద్ధంగా వచ్చింది. ఆ జన్యువు ఉన్న సంకర విత్తనం 450 గ్రాముల సంచి పదహారు వందల దాకా పలికింది. అందులో పెద్ద వాటా జన్యువు మీద కంపెనీకి వెళ్లే రుసుమే. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్యాన్ని అరికట్టే ఎంఆర్‌టీపీ కమిషన్ గడప తొక్కి, ధరను 750కి దింపేదాకా ఊరుకోలేదు. మన ప్రభుత్వాలు చేసిన మంచి పనుల జాబితాలో దీన్ని ఎందుకో ఎవరూ చేర్చరు.

మన దేశానికి సొంత బీటీ పత్తి ఉండాలన్న ఆలోచన అప్పటికే ఉంది. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ, ధార్వాడ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఢిల్లీ శాస్త్రవేత్తలు కలిసి బికనేరీ నర్మా అనే పాత రకంలో బీటీ జన్యువు ఎక్కించామన్నారు. 2008లో అనుమతి వచ్చింది. ఇది సంకరం కాదు, సూటి రకం. రైతు తన పంటలోంచే ఇత్తులు తీసి దాచుకోవచ్చు, ఏటా కొట్టు ముందు నిలబడక్కర్లేదు. నాందేడ్-44కు తల్లి రకం ఈ బికనేరీ నర్మాయే. అందుకే నాందేడ్-44కు కూడా బీటీ రూపం వచ్చింది. 2009లో రెండూ పొలాల్లోకి దిగాయి.

ఒక్క సీజను తిరిగేసరికి విత్తనం అమ్మకం ఆపేశారు. మనది అనుకున్న విత్తనంలో మోన్సాంటో వారి మోన్-531 జన్యువు ఆనవాళ్లు కనిపించాయి. వ్యవహారం బయట రచ్చయ్యాక, 2012లో సుధీర్ సోపోరీ అధ్యక్షతన భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) వేసిన కమిటీ ఆ కల్తీ నిజమేనని తేల్చింది. అది చేతులారా జరిగిందా, పొరపాటున కలిసిందా అన్న చర్చలోకి నేను వెళ్లను. నన్ను తొలిచేది వేరే విషయం. ఆ జన్యువు ఉందో లేదో చెప్పడానికి పీసీఆర్ పరీక్ష చాలు, ఓ మాదిరి ప్రయోగశాలలో రోజూ చేసే పని. మరి ఇన్నేళ్లలో ఆ పరీక్ష బయటివాళ్లు ఎందుకు చేయలేదు?

మన చట్టం ప్రకారం ఇలాంటి విత్తనం మూడు గడపలు దాటాలి. మొదటిది, తయారుచేసిన సంస్థలోనే ఉండే జీవభద్రతా కమిటీ. రెండోది, బయోటెక్నాలజీ శాఖ దగ్గరుండే ఆర్‌సీజీఎం. మూడోది, పర్యావరణ శాఖలోని జీఈఏసీ. 1989 నాటి నిబంధనలివి. బికనేరీ నర్మా మూడూ దాటింది. ఎలా దాటిందంటే, మూడు చోట్లా చదివింది తయారీదారు ఇచ్చిన ఫైలునే. మొదటి గడపలో తప్పు పట్టుకోకపోతే పై రెండు గడపలకు ఆ తప్పు ముద్ర వేయించుకున్న నిజంలా చేరుతుంది. పై కమిటీలో కూర్చున్న పెద్దమనిషి సంచి విప్పి గుప్పెడు గింజలు తీసి వేరే ల్యాబుకు పంపే ఏర్పాటు ఉండి ఉంటే కథ 2008 కన్నా ముందే తేలేది.

రైతు కోణం నుంచి చూస్తే ఈ మదింపుల తంతు ఇంకా విచిత్రంగా ఉంటుంది. బీటీ సంచితోపాటు 120 గ్రాముల చిన్న సంచి ఒకటి ఇచ్చేవారు. అందులో బీటీ లేని మామూలు గింజలు ఉండేవి. చేను చుట్టూ సాళ్లు పెట్టాలి. అక్కడ బతికిన పురుగు బీటీని తట్టుకున్న పురుగుతో జతకట్టి, తట్టుకునే గుణం పలచబడాలి, అదీ లెక్క. కాగితం మీద చక్కటి శాస్త్రం. పొలం గట్టు మీద మాట వేరు. ఆ గింజలు పెట్టావా అని అడిగితే ఈ పక్క రైతు నవ్వుతాడు: "గా ఉత్త ఇత్తులు ఎవలు పెడ్తరు కాకా? పైసలిచ్చి కొన్న చెల్కల పురుగును మేపాల్నా?" చిన్న సంచి పశువుల కొట్టం మూలకు పోయేది, లేకపోతే చెత్తకుప్పలోకి. అనుమతి ఇచ్చిన కమిటీల్లో ఎవరైనా రెండెకరాల రైతును ఒక్కమాట అడిగి ఉంటే, ఆ సంచి పొలం దాకా రాదని అప్పుడే తెలిసేది. 2020 నుంచి ఆ గింజల్ని బీటీ గింజల్లోనే కలిపి 475 గ్రాముల సంచిగా అమ్ముతున్నారు. అప్పటికే గులాబీ పురుగు కంపెనీ రెండో తరం బీటీ అయిన బోల్‌గార్డ్-2ను కూడా లెక్కచేయడం మానేసింది.

నాందేడ్-44 సంగతి కూడా అక్కడికే చేరింది. తర్వాతి దశకంలో మహారాష్ట్ర ప్రభుత్వ విత్తన సంస్థ మహాబీజ్‌తో కలిసి పర్భణీ విశ్వవిద్యాలయం దానికి బోల్‌గార్డ్-2 జన్యువే ఎక్కించి మళ్లీ తెచ్చింది. ప్రజల సొమ్ముతో పుట్టిన రకం, కంపెనీ జన్యువుతో, ఆ జన్యువు మొద్దుబారిన కాలంలో. రైతుకు మిగిలింది పాత పేరు ఒక్కటే.

ఇప్పుడు ఈ పాత గొడవ ఎందుకంటే, 2022 మార్చిలో కేంద్రం జన్యు సవరణ పంటల్లో బయటి జన్యువు మిగలని రకాలకు జీఈఏసీ గడప తీసేసింది. ఇక అసలు నిర్ణయం సంస్థలోని జీవభద్రతా కమిటీదే. అందులో బయోటెక్నాలజీ శాఖ నియమించిన సభ్యుడు ఒకరుంటారు, పైకి సమాచారం పంపాలి, నిజమే. కానీ బికనేరీ నర్మా జారిపోయింది సరిగ్గా ఈ మొదటి మెట్టు మీదే. తన పేపరు తానే దిద్దుకునే పద్ధతిని అసలు పరీక్షగా మార్చేశాం.

2025 మే 4న ఢిల్లీలో రెండు వరి రకాలు ప్రకటించారు. ఒకటి మన రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ చేసిన డీఆర్ఆర్ ధాన్ 100, కమల అని పేరు. బాపట్ల సాంబ మసూరిలో ఒక జన్యువును సవరించి చేశారు. రెండోదానికి మూలం మారుటేరు ఎంటీయూ 1010. రెండూ తెలుగు నేల వరి వంగడాలే. కమల దిగుబడి సాంబ మసూరి కన్నా 19 శాతం ఎక్కువని ప్రభుత్వం చెప్పింది. ఈ జన్యు సవరణ పనులకు 2023-24 బడ్జెట్‌లో 500 కోట్లు పెట్టింది. నాకు ఆ శాస్త్రం మీద అపనమ్మకం లేదు. సాంబ మసూరి ఇరవై రోజులు ముందు కోతకొస్తే గోదావరి ఆయకట్టులో ఎన్ని తడులు మిగులుతాయో లెక్క వేసుకున్నవాణ్నే. ఏ కేంద్రంలో ఎంత పండిందో, చోటుకొకటిగా మొత్తం అంకెలు విడుదల సమయానికే అందరి ముందు పెట్టాలని మాత్రం అడుగుతున్నాను. ఐసీఏఆర్ సర్వసభ్య మండలిలో రైతుల తరఫున కూర్చున్న ఒకాయన ఈ వరి రకాల మీద ప్రశ్నలు వేశాడు. కొద్దిరోజుల్లోనే ఆయన సభ్యత్వం పోయింది. రైతు ప్రతినిధి నోరు విప్పితే కుర్చీ పోయేటప్పుడు, మదింపు అన్న మాట ఫైలు పైన శీర్షికగా మిగులుతుంది.

మనుషుల మీద మందులు పరీక్షించేటప్పుడు కనీసం అంగీకార పత్రం అనేది ఒకటుంది. దాన్నీ ఎలా వాడుకుంటారో ఖమ్మం జిల్లా చూసింది. 2009లో హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టులో పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తప్పుపట్టింది. ఆ ప్రాజెక్టులో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) భాగస్వామి. విత్తనానికి ఆ కాగితం కూడా లేదు.

డబ్బు చాలదంటారా, ఒప్పుకుంటాను. మన దేశం పరిశోధనకు పెట్టేది జీడీపీలో 0.64 శాతం. దాన్ని పెంచడానికే 2025 నవంబరులో లక్ష కోట్ల నిధి తెరిచారు, ప్రైవేటు పరిశోధనకు తక్కువ వడ్డీకి దీర్ఘకాలం అప్పుగా. ఏ సంస్థకు ఎంత అన్న చర్చ నడుస్తోంది. ఆ సొమ్ముతో తయారైనదాన్ని బయట ఎవరు పరీక్షిస్తారు, ఆ ఖర్చు ఎవరిది అన్నది ఎక్కడా వినపడదు.

తనిఖీలు పెంచితే పరిశోధన పదేళ్లు వెనక్కి పోతుందని శాస్త్రవేత్త మిత్రులు చెబుతుంటారు. తనిఖీ లేకుండా వదిలిన సొంత బీటీ పత్తి ఒక్క సీజనులో ఆగిపోయింది, దాచుకునే విత్తనం కోసం కర్ఖేలి రైతు ఇంకా ఎదురుచూస్తున్నాడు. 2025లో అతను బోల్‌గార్డ్-2 సంచికి 901 రూపాయలు ఇచ్చాడు. కాబట్టి జన్యు సవరణకు ఇచ్చిన 500 కోట్లలో బయటి ల్యాబుల పరీక్షలకు ఎంతో ఒక పద్దు వేసి చూపించండి. పర్భణీలో, రాజేంద్రనగర్‌లో కాకుండా వేరే ఊళ్లో, వేరే చేతులతో.