తీపి మాటున మత్తు



క్రిస్మసు పండుగ దగ్గరపడినప్పుడు మన ఇండ్లకు సున్నము వేయుదుము. గుమ్మములకు నక్షత్రములు కట్టుదుము. పట్టణములలోను పరదేశములలోను ఉద్యోగములు చేయు మన పిల్లలు సెలవులకు ఇల్లు చేరుదురు. వారితోకూడ ఒక క్రొత్త అలవాటు మన పల్లెలకు వచ్చుచున్నది. బత్తాయిరసములోనో అనాసరసములోనో వోడ్కా, జిన్ను, రమ్ము వంటివి కలిపి, మంచుముక్కలు వేసి, పైన పుదీనా ఆకు పెట్టి, దానికొక ముద్దుపేరు పెట్టి, “ఇది మా ఇంటి ప్రత్యేక పానీయము” అని అతిథుల చేతికిచ్చుచున్నారు. దీనినే కాక్‌టెయిల్ అందురు.

“అయ్యగారూ, ఇది సారా కాదు, పండ్లరసమే గదా” అని ఒక యౌవనస్థుడు నాతో అనెను. నేను గ్లాసు తీసుకొని వాసన చూచితిని. బత్తాయి వాసన తప్ప మరేమియు తెలియలేదు. అందుకే నాకు భయము కలిగినది.

సారా సీసా గుమ్మములోనికి వచ్చినయెడల ఇల్లంతయు ఎరుగును. దాని వాసనయే దానిమీద సాక్షి. తల్లి యేడ్చును, భార్య అడ్డుపడును. ఈ గ్లాసులోనైతే ఆ సాక్షి నోరు తీపితో మూయబడినది. లెక్కయు తప్పును. సుమారు 43 శాతము ఘాటుగల మద్యము 30 మిల్లీలీటర్లలో ఇంచుమించు 10 గ్రాముల ఆల్కహాలు ఉండును. పండుగ సందడిలో కొలత ఎవరు చూతురు? చేతివాటమున 90 మిల్లీలీటర్లు పడినను తెలియదు. త్రాగినవాడు ఒక్క గ్లాసే అనుకొనును. వాని దేహము మూడు లెక్కించును. ఆ తరువాత వాడు మోటారుసైకిలెక్కి చీకటిలో ఇంటికి పోవలెను.

“కొంచెమైతే ఏమి?” అందువా? ఆల్కహాలు మనుష్యులకు క్యాన్సరు కలుగజేయునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే తేల్చినది. ఆరోగ్యమునకు హాని చేయని మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది. గర్భిణి యెరుగక త్రాగినయెడల ఆ మత్తు కడుపులోని శిశువును కూడ చేరును.

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారా దుకాణముమీద లేచిరి. ఆ ఉద్యమము ఊరూరా ప్రాకి, 1993లో సారా నిషేధమునకు, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకు దారితీసెను. ఆ సంపూర్ణ నిషేధము 1997లో తొలగెను. ఆ తల్లులు వీధిలోనుండి తరిమినదానిని మనము పండ్లరసములో దాచి వంటయింటిలోనికి తెచ్చుచున్నాము. పోయువాడు ఇప్పుడు పరాయివాడు కాడు, మన కుమారుడే.

“కానా పెండ్లిలో ప్రభువు ద్రాక్షారసము చేయలేదా?” అని అడుగుదువు. చేసెను, దానిని నేను దాచను. అయితే విందు మధ్యలో కొదువపడిన ఇంటికి సిగ్గు కలుగకుండ ఆయన ఆ ఆరు రాతిబానలు నింపించెను. నీ గ్లాసు ఎవరి సిగ్గును కప్పుచున్నది? ఎవరిని సిగ్గుపరచుచున్నది?

మీ సంఘములో త్రాగుడు మానిన సహోదరుడొకడు ఉండడా? ఎన్నో రాత్రులు అతని భార్య కన్నీళ్లతో మోకరించినది. పండుగనాడు అతడు నీ ఇల్లు క్షేమమైన చోటని నమ్మి వచ్చును. నీవు నవ్వుచు గ్లాసు ఇచ్చెదవు. అతడు నమ్మి త్రాగును. నాలుకకు తెలియనిది అతని పాత దాహమునకు తెలియును. మరునాడు ఆ యింటిలో పుట్టు ఏడ్పునకు ఎవరు జవాబుదారి? బలహీనుడైన సహోదరుని నిమిత్తము తన స్వేచ్ఛను తగ్గించుకొనవలెనని పౌలు రోమా సంఘమునకు బోధించెను. మన ఇంటి బల్లమీద ఆ బోధకు చోటు లేదా?

గృహస్థుడా, నీ ఇంటికి ప్రత్యేక పానీయము కావలెనా? మంచిదే, చేయుము. చలిరాత్రి గనుక బెల్లము, అల్లము, మిరియాలు, ఏలకులు వేసి కాచి వేడివేడిగా ఇమ్ము. మధ్యాహ్నమైతే నిమ్మరసమో సుగంధిపాల షర్బత్తో ఇమ్ము. ముద్దుపేరు కూడ పెట్టుము. ముసలమ్మ, గర్భిణి, పసివాడు, త్రాగుడు మానిన సహోదరుడు, అందరును ఒకే కుండలోనిది త్రాగనిమ్ము. ఎవరును చాటుగా అడుగవలసిన పని లేక, ఎవరినుండియు దాచవలసిన పని లేక జరిగినదే విందు.

ఈ పండుగనాడు గ్లాసు చేతికిచ్చుటకు ముందు దానిలో ఏమున్నదో నీ అతిథితో బిగ్గరగా చెప్పగలవా? చెప్పలేనియెడల దానిని ఇవ్వకుము.