ఆపదకు ముందే ఆలోచన

2017 మే నెలలో వాన్నాక్రై అనే కంప్యూటర్ వైరస్ ప్రపంచమంతటా వ్యాపించి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లను సైతం స్తంభింపజేసింది. దస్త్రాలకు తాళం వేసి, విడిపించడానికి సొమ్ము అడగడం దాని పద్ధతి. ఆ లోపాన్ని సరిదిద్దే సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ మార్చిలోనే విడుదల చేసింది. మందు ఉన్నది, వేసుకొన్నవారు తక్కువ.

ఇట్టి ఆపదలకు నిపుణులు నాలుగు దశలు నిర్దేశించారు: ముందుగా సిద్ధపడడం, ప్రమాదాన్ని గుర్తించి నిర్ధారించడం, దానిని కట్టడి చేసి, నిర్మూలించి, పనిని పునరుద్ధరించడం, చివరకు, జరిగినదాని నుండి పాఠం నేర్వడం.

వీటిలో గుర్తించడమే కీలకమని మా అభిప్రాయం. తేడాను తొలుత పసిగట్టేది తరచు యంత్రం ముందు కూర్చున్న గుమాస్తాయో, విద్యార్థియో. "నీవేం చేశావు?" అని గద్దిస్తే మరునాడు ఎవ్వరూ నోరు విప్పరు. దాచిన ప్రతి గంటా నష్టాన్ని పెంచుతుంది. సైబర్ ఘటనలను 6 గంటలలోపు తెలియజేయాలని కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది. భయపడే చోట ఆ నియమం నిలువదు.

పెండ్లిమర్రి వంటి గ్రామాల నుండి వచ్చే విద్యార్థుల మార్కులు, ఉపకారవేతనాల వివరాలు నేడు కార్యాలయ కంప్యూటర్లలోనే ఉన్నాయి. కనుక పాలక సంఘానికి మా విన్నపం: వారానికొకసారి దస్త్రాల నకలు తీసి, కంప్యూటర్‌కు తగిలించక వేరొకచోట భద్రపరచండి. ఆపదలో ఎవరికి చెప్పాలో తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి గోడకు అంటించండి. ముందుగా చెప్పినవారిని దండించబోమని ప్రకటించండి. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని లాభమేమి?