గాలిమర రెక్కలు ఎటు పోవాలి?

పత్తికొండ, ఆస్పరి, మొలగవల్లి వైపు మెట్టచేలల్లో తిరిగే గాలిమరలను చూసి, అవి నిలువెల్లా ఇనుమేనని చాలామంది అనుకుంటారు. స్తంభం ఉక్కే. రెక్క మాత్రం గాజుపోగుది. వెంట్రుకకన్నా సన్నని గాజుపోగులను గుడ్డలా అల్లి, అచ్చులో పొరలు పొరలుగా పరుస్తారు. లోపలి గాలినంతా లాగేసి ఎపాక్సీ లాంటి రెసిన్, అంటే గట్టిపడే జిగురు, ఎక్కిస్తారు. అది గట్టిపడితే వేల పోగులు ఒక్కటై బరువు పంచుకుంటాయి. పొడవునా వేసిన పోగులు వంపును ఓర్చుకుంటాయి, ఏటవాలుగా వేసినవి మెలికపడనివ్వవు. ఉక్కుతో పోలిస్తే బరువు నాలుగో వంతే. ఆ తేలికదనమే లేకపోతే 50 మీటర్ల రెక్కను అంత ఎత్తున తిప్పడం అయ్యే పని కాదు.

పడే కష్టమూ తక్కువ కాదు. రెక్క కొన గంటకు 250 కిలోమీటర్లు దాటిన వేగంతో పోతుంది. మన ఎండ, దుమ్ము, పిడుగులు అన్నీ దాని మీదే. ఇరవై ఏళ్లలో 10 కోట్లకు పైగా చుట్లు తిరగాలి. ఇంత చాకిరీ చేసే పదార్థాన్ని కనిపెట్టిన మనుషుల మీద నాకు గౌరవం ఉంది. అందుకే దాని తర్వాతి గతి గురించి కూడా మాట్లాడాలనిపిస్తుంది.

మర వయసు ఇరవై, పాతికేళ్లు. రాయలసీమలో ఎక్కువ భాగం 2014 తర్వాతి నాలుగైదేళ్లలో లేచినవే. అంటే ఇంకో పది, పదిహేనేళ్లలో ఇవన్నీ దాదాపు ఒక్కసారే దిగుతాయి. రాష్ట్రంలో గాలి విద్యుత్ సామర్థ్యం 4,000 మెగావాట్లు దాటింది, అందులో సింహభాగం సీమదే. మరకు 2 మెగావాట్ల చొప్పున వేసుకున్నా 2,000 మరలు, 6,000 రెక్కలు. ఒక్కోటి 7 టన్నులనుకుంటే 40,000 టన్నుల పైమాటే. ఉక్కును, రాగిని తుక్కు వ్యాపారులు పోటీపడి కొంటారు. రెక్కను ఎవరూ ముట్టుకోరు. ఒకసారి గట్టిపడిన రెసిన్ మళ్లీ కరగదు, మట్టిలో కుళ్లదు. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని క్యాస్పర్ పట్టణం దగ్గర రెక్కలను ముక్కలు కోసి గుంతల్లో వరసగా పూడ్చారు. మన వంకల్లో, పాడుబడిన నాపరాయి క్వారీల్లో అలాంటి గుంతలు వెతకడానికి ఎవరికీ కష్టం ఉండదు. నా భయం అదే.

దారి మాత్రం మన గడపలోనే ఉంది. యర్రగుంట్ల, చిలంకూరు, కొలిమిగుండ్ల సిమెంటు బట్టీల్లో ముడిసరుకు 1,450 డిగ్రీల దాకా కాలుతుంది. రెక్కను తురిమి అందులో వేస్తే రెసిన్ బొగ్గుకు బదులు మండుతుంది. గాజులోని సిలికా, సున్నం, అల్యూమినా సిమెంటుకు కావలసిన దినుసులే కాబట్టి క్లింకర్‌లో, అంటే సిమెంటుగా పొడిచేసే గడ్డల్లో, కలిసిపోతాయి, వేరే బూడిద మిగలదు. జర్మనీలో లేగర్‌డార్ఫ్ సిమెంటు ఫ్యాక్టరీ ఈ పని చేసి చూపించింది. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా 2016లోనే, ఫైబర్ ప్లాస్టిక్ వ్యర్థాలను ఇలా సిమెంటు బట్టీలకు పంపాలని మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక జాగ్రత్త ఉంది. గాజులో బోరాన్ ఉంటే, అది ఎక్కువైతే సిమెంటు గట్టిపడటం ఆలస్యమవుతుంది. ఎంత కలపాలో కొలిచి కలపాలి.

బట్టీల పక్కన బతికే ఊళ్లు ఇప్పటికే దుమ్ము మింగుతున్నాయి. రెక్కలు కాల్చే రోజుల్లో పొగగొట్టం నుంచి ఏమేం, ఎంత వెలువడిందో ఆ లెక్కలు ఊరి పంచాయతీ గోడ మీద తెలుగులో కనిపించాలి. రెక్కను కోసే కూలీ ముక్కుకు తువ్వాలు కట్టుకుని పని చేస్తే చాలదు. గాజుపొడి చర్మంలో గుచ్చుకుంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సరైన మాస్కు, నీళ్లు చిమ్మే కోత యంత్రం కంపెనీ ఇచ్చి తీరాలి.

కాల్చే ముందు మరో వాడకం దొరుకుతుందేమో చూడాలి. ఐర్లాండ్‌లో కార్క్ దగ్గర పాత రెక్కలనే దూలాలుగా పెట్టి 2022లో కాలిబాట వంతెన కట్టారు. వానొస్తే బడిపిల్లలు దాటలేని వంకలు మనకు తక్కువేం లేవు.

ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదే అసలు పేచీ. మర దిగేనాటికి కంపెనీ చేతులు మారి ఉండొచ్చు, లీజుకిచ్చిన రైతు మాత్రం ఆ చేలోనే ఉంటాడు. కాబట్టి కరెంటు అమ్ముడవుతున్న ఈ రోజుల్లోనే, ప్రతి యూనిట్ మీదా కొంత సొమ్ము రెక్కల తరలింపు కోసం విడి ఖాతాలో పడాలి. పాత మరల స్థానంలో కొత్తవి పెట్టేందుకు కేంద్రం 2023లో విధానం తెచ్చింది. ఆ అనుమతి కోరే ప్రతి దరఖాస్తుకూ, ఏ బట్టీ ఎన్ని టన్నులు తీసుకుంటుందో చెప్పే ఒప్పంద పత్రం జతచేయాలన్న షరతు రాష్ట్రం పెట్టాలి. అనంతపురం వైపు రామగిరి, కడవకల్లు కొండల మీద 1990లలో వచ్చిన తరం మరల రెక్కలు చిన్నవి, లారీలో పడతాయి. యర్రగుంట్లకు మొదటి లోడు అక్కడి నుంచే రావచ్చు.